త్వరగా ఆడండి

కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేసే అక్కకు వారానికి ఒక్కరోజే సెలవు. ఆ మధ్యాహ్నం ఆమె ఎవరికీ దొరకదు. కంప్యూటరు ముందు కూర్చుని తమ్ముడితో చదరంగం ఆడుతుంది. తమ్ముడు ఊరి చివర చేపల కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. చిన్నప్పుడు ఓడిపోతే గుర్రాన్ని మింగేస్తానని బెదిరించిన పిల్లాడు, జుట్టు నెరుస్తున్నా ఓటమిని మాత్రం ఒప్పుకోడు. ఒక్కో ఎత్తుకీ అతను ఆలోచించే సేపట్లో అక్క కూర దించి, గిన్నెలు కడుక్కుని, తీరిగ్గా వచ్చి కూర్చుంటుంది.

ఆ వెబ్‌సైటులో ఆటగాళ్ళు మాట్లాడుకోవడానికి తెర మూలన కొన్ని బొమ్మల మీటలుంటాయి. బాతు బొమ్మ నొక్కితే అవతలివాళ్ళ తెర మీద ‘త్వరగా ఆడండి’ అని పడుతుంది. దాంతోపాటు బాతు గట్టిగా అరుస్తుంది. తమ్ముడికి ఆ బాతంటే ఒళ్ళుమంట. అది నొక్కితే ఆట మధ్యలోనే లేచిపోతానని బెదిరించి, నొక్కనని అక్క చేత మొదట్లోనే ఒట్టు పెట్టించుకున్నాడు. తనూ ఎన్నడూ నొక్కలేదు.

ఆ రోజు ఆట మంచి రంజుగా ఉండగా, కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో ఆడుతున్న తమ్ముడు కాల్ చేశాడు.

“అక్కా, లోపలి చలిగదిలో పెట్టెలు ఒకసారి చూసి రావాలి. సెలవు కదా, పనివాళ్ళెవరూ లేరు. ఎత్తు నీదే, వేసి ఉంచు. చిటికెలో వచ్చేస్తా.”

“పోయిరా. నీ మంత్రిని కాపాడుకునే దారి ఆ చేపలనైనా అడుగు.”

అతను నవ్వి పెట్టేశాడు. అక్క ఏనుగును ముందుకు జరిపి, నిన్నటి బట్టలు మడతపెడుతూ కూర్చుంది. చాలాసేపటికి తెర మీద ఎర్రటి అక్షరాలు మెరిశాయి. అవతలి ఆటగాడికి కనెక్షన్ పోయిందట. అంతలోనే వచ్చిందని పడింది. మళ్ళీ పోయింది. ఆ వెంటనే బాతు అరిచింది. త్వరగా ఆడండి.

అక్కకు చిర్రెత్తుకొచ్చింది. తను ఎత్తు వేసి ఎంతసేపైంది? వేసింది అతనికి అందలేదన్నమాట. “ఈ నెట్టుకు మళ్ళీ మాయరోగం వచ్చింది” అని గొణుక్కుంటూ లేచింది. రూటరు ఆపి మళ్ళీ పెట్టింది. వెనకాల తీగ ఊడదీసి, ఊది, బిగించింది. వెబ్‌సైటు మూసి మళ్ళీ తెరిచింది. బోర్డు మీద ఏనుగు వేసిన చోటే ఉంది. బాతు మళ్ళీ అరిచింది. తమ్ముడికి ఫోన్ చేస్తే అందుబాటులో లేరంది. ‘ఒట్టు తీసి గట్టున పెట్టాడు వెధవ’ అనుకుని, కంప్యూటరు ఆపేసి పడుకుందామా అని కూడా అనుకుంది. కానీ గెలిచే ఆట. వదలబుద్ధి కాక వెబ్‌సైటువాళ్ళ సహాయం నంబరుకు ఫోన్ చేసింది.

ఎత్తినమ్మాయి గొంతు లేతగా ఉంది. అడగాల్సినవన్నీ వరసగా అడిగింది. రూటరు ఆపి పెట్టారా? వేరే పేజీలు తెరుచుకుంటున్నాయా? ఫోన్‌లో ఆట తెరిచి చూశారా? అక్క అన్నిటికీ ఓపిగ్గా చెప్పింది.

“ఒక్క క్షణం ఉండండి, చూస్తున్నాను,” అంది ఆ అమ్మాయి. కీబోర్డు చప్పుడు వినిపించింది. “మీ లైను శుభ్రంగా ఉందండీ. మీ ఎత్తు కూడా ఎప్పుడో ఆయనకు అందింది. ఇప్పుడు ఆడాల్సింది ఆయనే.”

“మరి నన్నెందుకు తొందరపెడుతున్నాడు?”

“అదే నాకూ అర్థం కావట్లేదు. ఆయన లైను వస్తోంది, పోతోంది. వచ్చినప్పుడల్లా ఆట జోలికి పోకుండా ఆ బాతు ఒక్కటే నొక్కుతున్నారు.”

ఆ మాట పూర్తయ్యేలోగానే బాతు మళ్ళీ అరిచింది.

అక్కకు తమ్ముడు ఒకసారి అన్న మాట గుర్తొచ్చింది. ఆ చలిగదిలోకి వెళితే ఫోను చచ్చినట్టేనట. తలుపు పక్కన నిలబడితే మాత్రం బయటి ఆఫీసు వైఫై ఒక గీత వచ్చిపోతుందట. చిటికెలో వస్తానన్నవాడు ఇంకా తలుపు దగ్గరే ఉన్నాడు. లోపలి వైపున.

“అమ్మాయ్,” అంది. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. “మా తమ్ముడు చేపల చలిగదిలో ఇరుక్కుపోయాడు. తలుపు పడిపోయినట్టుంది. ఇవాళ పనివాళ్ళెవరూ లేరు.”

“అడ్రసు చెప్పండి. అంబులెన్సుకు నేను ఫోన్ చేస్తాను. మీరు బయల్దేరండి. ఆయన లైను వస్తే మీకు చెబుతూ ఉంటాను.”

స్కూటరు తాళంచెవి కళ్ళముందే ఉన్నా చేతికి దొరకలేదు. చెప్పులు వేసుకున్నదీ లేనిదీ తెలియకుండానే రోడ్డెక్కింది. ఆఫీసు నంబరుకు చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మరదలికి చేద్దామనుకుని ఆగింది. ఏమని చెబుతుంది? చౌరస్తాలో ఎర్రలైటు పడితే, ఎదురుగా రోడ్డు దాటుతున్న మనుషులు ఎండకు చేతులడ్డం పెట్టుకుని నడుస్తున్నారు. ఇంత ఎండలో ఒక మనిషి చలికి చచ్చిపోతాడంటే ఎవరు నమ్ముతారు? లైటు మారకముందే ఆమె బండి ముందుకు దూకించింది. వెనక ఎవరో తిట్టారు.

వంతెన దిగుతుండగా ఫోను మోగింది. సహాయం అమ్మాయే.

“అంబులెన్సు బయల్దేరిందండీ.”

“లైను వచ్చిందా?”

ఆ అమ్మాయి కాస్త తటపటాయించింది. “మీరు బయల్దేరిన కాసేపటికి ఒకసారి వచ్చింది. మళ్ళీ రాలేదు.”

అక్కకు ఇందాకటిదాకా విసిగించిన ఆ అరుపు ఇంకొక్కసారి వినబడితే చాలనిపించింది.

గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో కునుకు తీస్తున్నాడు. ఆమె కేక విని లేచి, పైనుంచి కిందకు చూశాడు.

“సారు ఎప్పుడో వెళ్ళిపోయారమ్మా. ఆఫీసులో లైట్లు కూడా లేవు.”

“వెళ్ళడం నువ్వు చూశావా?”

“చూసినట్టే…” అని నసిగాడు.

ఆమె అతన్ని పక్కకు నెట్టి లోపలికి పరిగెత్తింది. షెడ్డు కింద తమ్ముడి మోటారుసైకిలు ఉంది, హ్యాండిల్‌కు హెల్మెట్ తగిలించి. దాన్ని చూడగానే వాచ్‌మన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. “ఇటమ్మా, ఇటు,” అంటూ ముందు పరిగెత్తాడు.

చలిగది తలుపు ఇనుప బీరువాలా మూసి ఉంది. పైన గడియ దానంతటది జారి గాడిలో పడింది. ఇద్దరూ కలిసి లాగితే గాని ఊడలేదు. తలుపు తెరుచుకోగానే తెల్లటి పొగ కాళ్ళమీదుగా పారింది. ఆ పొగలో గుమ్మం పక్కనే తమ్ముడు మోకాళ్ళు గుండెకు ముడుచుకుని ఒరిగి ఉన్నాడు. ఒంటిమీద పొట్టిచేతుల చొక్కా. కనుబొమల మీద మంచు. చేతిలో ఫోను ఆరిపోయి ఉంది.

అతను వణకడం లేదు. అది చూసి అక్కకు పైప్రాణాలు పైనే పోయాయి. చలేస్తే మనిషి వణకాలి కదా.

“ఒరేయ్,” అంది. “ఒరేయ్, నేనురా.”

కళ్ళు సగం తెరుచుకున్నాయి. పెదాలు కదిలాయి గాని మాట ముద్దగా వచ్చింది. ఆ ముద్దమాట చాలు ఆమెకు. ఇద్దరూ కలిసి బయటికి ఈడ్చారు. వాచ్‌మన్ తన దుప్పటి తెచ్చి కప్పాడు. ఆమె ఆ దుప్పట్లోకే దూరి, చిన్నప్పుడు జ్వరమొస్తే పట్టుకున్నట్టు వాణ్ణి పట్టుకుని కూర్చుంది. అంబులెన్సు వచ్చేదాకా వదల్లేదు. వచ్చాక కూడా వాళ్ళే ఆమె చేతులు విడదీయాల్సి వచ్చింది.

ఆసుపత్రికి మరదలు పరిగెత్తుకొచ్చింది. “వదినా, బతికే ఉన్నారా?” అని ఒక్కమాట అడిగి, జవాబు విని నేలమీద కూలబడింది. ప్రాణానికి భయం లేదనీ, ఎడమచేతి వేళ్ళ చివర్ల సంగతే కొన్నాళ్ళు పోతే గాని చెప్పలేమనీ డాక్టరు అన్నాడు. చివరికి చిటికెనవేలి కొస పోయింది.

ఆసుపత్రిలో చేరిన మర్నాడే తమ్ముడికి మాట నిలకడగా వచ్చింది.

“లోపల్నుంచి తలుపు తెరిచే మీట గడ్డకట్టుకుపోయిందక్కా. వైఫై గీత కోసం ఫోను పట్టుకుని తలుపు అంచంతా వెతికాను. మెసేజి పెడదామంటే వేళ్ళు మొద్దుబారి ఎక్కడెక్కడో తగులుతున్నాయి. తెర సగం పనిచేయడం మానేసింది. మూలనున్న ఆ బొమ్మే తగిలింది.” కట్టుకేసి చూసుకున్నాడు. “నీకు కోపమొచ్చి ఆపేసి పడుకుంటావేమోనని భయపడ్డాను.”

“పడుకునేదాన్నే,” అంది అక్క. అబద్ధమాడటానికి నోరు రాలేదు.

తమ్ముడు కట్టు కట్టిన చెయ్యి ఆమె ఒళ్ళో పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

కంపెనీవాళ్ళు తలుపు మార్చారు. లోపల గంట పెట్టించారు. తమ్ముడు రెండు నెలలకు పనిలో చేరాడు, నవ్వుతూ తుళ్ళుతూనే. అక్కకే భయం వదల్లేదు. ల్యాబులో పళ్ళ అచ్చులు ఆరబెట్టే చిన్న గదిలోకి వెళ్ళేటప్పుడు తలుపుకు కుర్చీ అడ్డం పెడుతుంది. వేడంతా బయటికి పోతోందని తోటివాళ్ళు నవ్వుతారు.

“పోనీ,” అంటుంది. కుర్చీ మాత్రం తీయదు.