సర్దారు గారి జ్వరం డైరీ

మా ఆయన తీతు ఇరవై ఏళ్లు బొగ్గుబాయిలో సర్దారు. సర్దారంటే కార్మికులు దిగకముందే లోపలికి వెళ్లి, గ్యాస్ ఉందా, పైకప్పు గట్టిగా ఉందా అని చూసి, రిపోర్టు బుక్కులో రాసి సంతకం పెట్టే మనిషి. ఈ మహానుభావుడు మాత్రం బాయి మీద బెంచీకి ఆనుకుని, చాయ్ తాగుతూనే బుక్కు రాసేవాడట. గ్యాస్ నిల్, రూఫ్ ఓకే. ఆ తర్వాతే లోపలికి దిగేవాడట. ఈ సంగతి మరో సర్దారు సదయ్యతో కలిసి మా ఇంట్లోనే ఎన్నిసార్లు చెప్పుకుని నవ్వుకున్నాడో లెక్కలేదు. గ్యాస్ ఉందని రాస్తే పని ఆగుతుంది, పని ఆపినవాణ్ణి పైవాళ్లు తిడతారు, కిందివాళ్లూ తిడతారు. వీళ్ల తెలివంతా అంతే.

నేను ఇరవై ఎనిమిదేళ్లు లెక్కల టీచరుగా చేశాను. చూసి రాసిన హోంవర్కును గుమ్మం దగ్గర నుంచే పట్టేదాన్ని. అలాంటి నాకు దొరికిన మొగుడు ఈయన.

పోయినేడు కుడి ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ బయటపడింది. ఇంజెక్షన్లకు కొంత కరిగి, మళ్లీ పెరిగింది. కరీంనగర్ దవాఖానలో డాక్టర్ వేణుమాధవ్ ఒక పరిశోధన గురించి చెప్పాడు. ఇంజెక్షన్‌తో పాటు ఒక కొత్త మాత్ర ఇస్తారు. గడ్డ మీద ఎంత పనిచేస్తుందో, మనిషి ఎంత మోతాదు తట్టుకుంటాడో చూస్తారు. ఆ మాత్రతో రక్తంలో తెల్లకణాలు పడిపోవచ్చు, అప్పుడు వచ్చే జ్వరం ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీయొచ్చు. అందుకని రోజుకు రెండుసార్లు జ్వరం చూసి డైరీలో రాయాలి. 100.4 దాటితే ఆ గంటలోనే ఫోన్ చెయ్యాలి. పరిశోధన పనులు చూసే హర్షిణి అనే అమ్మాయి ఇదంతా మా చేత మూడుసార్లు అప్పజెప్పించుకుని, థర్మామీటరు, డైరీ చేతికిచ్చింది. ఈయన ఇరవై రెండు పేజీల కాగితాలను ఒక్క ముక్క చదవకుండా సంతకాలతో నింపేశాడు. సంతకం పెట్టడంలో ఆయన్ను మించినవాడు లేడు.

డైరీని నన్ను ముట్టుకోనివ్వలేదు. అది తన డ్యూటీ అన్నాడు. మూడు వారాల మొదటి విడత అయ్యాక హర్షిణి ఆ పేజీలు తిప్పి, ఇంత నీటుగా ఎవ్వరూ రాయలేదని మెచ్చుకుంది. మిగతా పేషెంట్లకు చూపించడానికి ఫోటో కూడా తీసుకుంది. ఇక మా సెంటినరీ కాలనీ అంతా ఆ మెచ్చుకోలే. సిగ్గులేకుండా నేనూ మురిసిపోయాను.

రెండో విడతలో పదకొండో రోజు మధ్యాహ్నం, మే నెల ఎండలో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. ఎండకు అలా ఉందన్నాడు. థర్మామీటరు కోసం డబ్బా తెరిచాను. బ్యాటరీ దగ్గర కొత్తలో పెట్టే ప్లాస్టిక్ ముక్క ఇంకా అలాగే ఉంది. అది లాగితే తప్ప ఆ వస్తువు పనిచెయ్యదు. ముప్పై రెండు రోజులుగా ఎవ్వరూ లాగలేదు.

డైరీ తెరిచాను. 98.2, 98.4, 98.6. ఆ సాయంత్రానిదీ ఉంది, మర్నాటిదీ ఉంది. వచ్చే ఆదివారం దాకా ఈయన గారి ఒళ్లు చల్లగానే ఉండబోతోంది. చుక్క తర్వాత అన్నీ సరి అంకెలే, ఒక్క బేసి అంకె లేదు. నా క్లాసులో వెనక బెంచీ పిల్లలు కూడా ఇంతకంటే బాగా మోసం చేసేవాళ్లు.

ఆ ముక్క లాగి పెట్టి చూస్తే 102.6.

"ఎన్ని దినాలైంది?" అన్నాను.

"నాలుగు. జరమొచ్చిందని రాస్తే మందు ఆపుతరు, సుగుణా. సదయ్య కూడ గదే చెప్పిండు."

సదయ్య బీపీ మాత్రను రంగు చూసి మింగే మనిషి. అలాంటివాడు వీళ్లకు పెద్ద డాక్టరు. హర్షిణికి ఫోన్ చేస్తే, అంకుల్ నిన్న పంపిన డైరీ ఫోటోలో అంతా నార్మలే కదా ఆంటీ, ఎండదెబ్బేమో, అయినా తీసుకురండి అంది. అచ్చంగా రాసింది చూసి మనిషిని చూడని జాతి. అక్కడా ఇక్కడా ఒకటే.

కారులో గంటన్నర. ఈ రోజే వచ్చిందని చెప్పమని దారంతా బతిమాలాడు. ఈ మాత్ర తప్ప తనకు ఇంకేం మిగల్లేదన్నాడు. అది నిజమే. నాకూ భయమే. అతన్ని ఎంత చీదరించుకున్నా, అతను లేని ఇల్లు నాకొద్దు.

వేణుమాధవ్ డైరీ తిరగేసి, జ్వరం ఎప్పటి నుంచి అని అడిగాడు. పొద్దుటి నుంచే అన్నాడు ఈయన, రెప్ప కూడా వెయ్యకుండా. సరే, రక్తపరీక్ష రానిద్దాం, బాగానే ఉంటే మాత్రలు రాసి సాయంత్రం పంపిస్తానన్నాడు డాక్టరు.

"అబద్ధం సారూ," అన్నాను. "నాలుగు దినాల సంది ఉన్నది. ఆ పుస్తకం మొత్తం చాయ్ తాగుకుంట రాసిందే."

తీతు నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. వెంటనే చేర్చుకున్నారు. తెల్లకణాలు దాదాపు లేవు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే చేతిలో ఉండేది కాదన్నారు. మాత్ర ఆపేశారు. మళ్లీ ఇవ్వాలో వద్దో పరిశోధన కమిటీ చెప్పాలట. తీతు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ బతిమాలలేదు.

నాలుగో రోజు డాక్టరు వచ్చి, గొంతు పెంచకుండానే ఒక మాట చెప్పి వెళ్లాడు. మా ఆయన ఉన్న మొదటి గుంపువాళ్ల డైరీలు శుభ్రంగా ఉన్నాయనే రెండో గుంపుకు మోతాదు పెంచుతున్నారట. ఆ గుంపులో మొదటి మనిషి పక్క మంచం మీదే ఉన్నాడు. గోలేటి కిషన్, బొగ్గు తవ్విన మనిషి. మర్నాడు అతనికి మొదటి డోసు. ఎలా రాయాలో తెలియడానికని అతని ఫోన్లో హర్షిణి పంపిన ఫోటో ఉంది. మా ఆయన డైరీదే. తీతు ఆ ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, తిరిగి ఇచ్చేశాడు.

మర్నాడు పొద్దున నర్సు వచ్చింది. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, కిషన్ ముఖం వైపొకసారి చూసి, చార్టులో 98.4 అని గీకింది.

"బిడ్డా," అన్నాడు తీతు. "పెట్టి చూసి రాయి."

నర్సు విసుక్కుంది. కిషన్ ఇంకా విసుక్కున్నాడు. "నీకేంది కాకా, నేను మంచిగనే ఉన్న. నా మందు ఆపుతవా?"

"ఆగితే ఆగనియ్. పెట్టు బిడ్డా."

పెట్టింది. 100.8. డోసు వాయిదా వేశారు. కిషన్ గోడవైపు తిరిగి పడుకుని, పనికిమాలిన ముసలోడని వినపడేలా తిట్టాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో తప్పించుకున్న తిట్టు మా ఆయనకు ఇప్పుడు తగిలింది. 

కొంతసేపటికి తలగడ కింద నుంచి డైరీ తీశాడు. ముందే రాసిపెట్టిన రోజులన్నీ అడ్డంగా కొట్టేశాడు. నావైపు చూడకుండానే అన్నాడు.

"సుగుణా, నాది చూడు."

థర్మామీటరు పెట్టాను. కూత పెట్టేదాకా పెన్ను పట్టుకుని బుద్ధిగా కూచున్నాడు.

"ఎంత?"

"తొంభై తొమ్మిది పాయింట్ ఏడు," అన్నాను.

ఏడు వేశాడు. వంకరగా పడింది. నేను దిద్దలేదు.