బందరు ఉప్పు

మా యూనివర్సిటీలో గ్రహశాస్త్ర కేంద్రం అని ఒక బోర్డు ఉండేది. బోర్డు వెనక ఉన్నది రెండు గదులు, ఒక పాత వ్యాను, ఒక గాలి డేరా, గాయత్రి గారు. వ్యాను తోలేదీ, డేరా వేసేదీ, పిల్లలు దాన్ని పుల్లలతో పొడవకుండా కాపలా కాసేదీ నేను. నా పేరు బాలస్వామి, మాది గుడివాడ. చంద్రుడి గురించి నన్నేమీ అడక్కండి, క్లచ్ ప్లేట్ల గురించి అడగండి.

ఫ్యాను పెట్టి గాలి కొడితే డేరా గడ్డివామంత లేస్తుంది. పిల్లలు పాక్కుంటూ లోపలికి దూరతారు. పట్టపగలే లోపల చీకటి, నెత్తిన చుక్కలు. ఆట అయ్యాక గాయత్రి గారు ఊరూరా ఒకే మాట చెప్పేవారు. "ఎప్పుడైనా ఆకాశం నుంచి రాయి పడితే భయపడకండి. పారెయ్యకండి. పాడవకుండా దాచి మాకు కబురు చెయ్యండి." వినీ వినీ ఆ మాట నాకు కంఠతా వచ్చేసింది.

ఆవిడ పరిశోధన కూడా ఆ రాళ్ళ మీదే. అలా పడ్డవాటిలో కొన్నింటి లోపల కంటికి ఆనని ఉప్పు రవ్వలు ఉంటాయట. ఎక్కడో, ఎప్పుడో నీళ్ళు ఎండిపోయిన గుర్తట. అవి దొరికితే ఈ భూమ్మీదే కాదు, ఇంకోచోట కూడా నీళ్ళుండేవని గట్టిగా చెప్పొచ్చట. కాకపోతే రాయి పడ్డది పడ్డట్టు దొరకాలి, ఇక్కడి వానకి తడవకూడదు. అలాంటి రాయి కోసం ఆవిడ జుట్టు నెరిసేదాకా ఎదురు చూశారు. ఒక్కటీ దొరకలేదు.

ఆ ఏడు మార్చి ఆఖరుకి కేంద్రం మూసేస్తామని పైవాళ్ళు తేల్చి చెప్పారు. చూపించుకోడానికి సొంత రాయి ఒక్కటైనా లేని కేంద్రం మనకెందుకని ఒక పెద్దమనిషి మీటింగులో నవ్వాడట. మా ఫోను కట్ చేసి అప్పటికే చాలా కాలమైంది. మేము ఊరూరా తిరిగి కబురు చెయ్యండని చెప్తుంటే, వీళ్ళు కబురొచ్చే దారే పీకేశారు. ఊరుకోలేక నేను ఆఫీసుకెళ్ళి అడిగాను. డ్రైవరు పని డ్రైవరు చూసుకోమన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఫిబ్రవరిలో ఆఖరి తిరుగుడుకి బయల్దేరాం. గుడివాడ, ఉయ్యూరు అయ్యాక బందరు వచ్చాం. గిలకలదిండి రేవులో చేపల వేలం ముగిశాక, ఐసు గోడౌను పక్కన డేరా వేశాను. ఆట చూసి బయటికొచ్చిన ఒకతను గాయత్రి గారి దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గణపతి అట, చేపల వ్యాపారం.

"మేడమ్ గారండీ, కిందటేడు నాగాయలంక అవతల మా మేనత్త వాళ్ళ ఊరొచ్చింది మీరే కదండీ? మీ రాయి ఆవిడ దగ్గరుందండీ."

"ఏ రాయి?" అన్నారు గాయత్రి గారు.

"పైనుంచి పడింది కదండీ, తొలకరిలో. చేపలు ఎండేసే దొడ్లో పడింది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను, అంత చప్పుడైతే ఊరంతా లేచొచ్చాం. మీరిచ్చిన నంబరుకి ఎన్నిసార్లు ఫోను చేశామో. ఎస్టీడీ బూత్ వాడు విసుక్కున్నాడు కూడా."

గాయత్రి గారు అక్కడే చేపల పెట్టె మీద కూర్చుండిపోయారు. "వానకి తడిసిందా?" అని అడిగారు.

"అబ్బే, చుక్క కూడా పడలేదండీ. అప్పటికప్పుడే ఎత్తి ఇంట్లో దాచేసింది. మా అత్త సంగతి మీకు తెలీదు. మీరు చెప్పింది చెప్పినట్టు చేస్తుంది."

డేరా మడవడానికి ఎప్పుడూ నేనొక్కణ్ణే తంటాలు పడతాను. ఆ రోజు ఆవిడ కూడా వచ్చి చెప్పులు విప్పి గాలి తొక్కేశారు. గణపతి దారి చూపిస్తానని నా పక్కన ఎక్కాడు. చల్లపల్లి దాటేదాకా ఆవిడ మాట్లాడుతూనే ఉన్నారు. రాయి ఉంటే ఇక ఎవరూ మూసెయ్యలేరన్నారు. "మీ ఉద్యోగం కూడా ఉంటుంది బాలస్వామి గారూ," అన్నారు. నాకూ ఆశ పుట్టింది. అవనిగడ్డలో అందరికీ టీలు నేనే ఇప్పించాను. నేను ఊరికే టీ ఇప్పించే మనిషిని కాను.

గణపతి మేనత్త నాంచారమ్మ ఇల్లు ఊరి చివర, కాలువ గట్టున ఉంది. దొడ్డి నిండా ఎండు చేపలు పరిచి ఉన్నాయి. ఆవిడ పెద్ద వయసు మనిషి. మమ్మల్ని చూడగానే చేతులు కడుక్కుని వచ్చింది.

"ఇప్పుడా పంతులమ్మ గారూ రావడం. ఎంత ఆలస్యం చేశారండీ," అని కోప్పడింది.

ఆ కోపం నాకు నచ్చింది. ఎవరో ఒకరు మాకోసం ఎదురు చూశారన్నమాట.

"అది పడ్డప్పుడు మావాళ్ళు అరిష్టం అన్నారండీ. సముద్రంలో పారేసి రమ్మన్నారు. ఇది నాది కాదు, పంతులమ్మ గారిది, ఎవరూ చెయ్యి వెయ్యడానికి లేదన్నాను. ఆ తర్వాత వేటకెళ్తే చేప పడలేదు. ఆ రాయి వల్లేనని నాతో మాటలు మానేశారు. మా తోడికోడలు కూడా మాట్లాడదు. సర్లే, పంతులమ్మ గారొచ్చి చెప్తారుగా అని ఊరుకున్నాను."

"ఎక్కడుందమ్మా?" అన్నారు గాయత్రి గారు.

నాంచారమ్మ వంటింటి మూల నుంచి ఒక పెద్ద జాడీని జరుపుకుంటూ వెలుతుర్లోకి తెచ్చింది. "పాడవకుండా దాచమన్నారు కదా. పాడవకుండా దాచడంలో ఈ దీవిలో నా తర్వాతేనండీ ఎవరైనా," అంటూ మూత తీసింది.

జాడీ నిండా ఉప్పు.

"కల్లుప్పండీ, బందరు ఉప్పు. కింద ఒక పొర, పైన ఒక పొర. వానాకాలం చెమ్మకి నీరు దిగినప్పుడల్లా వంచేసి కొత్త ఉప్పు పోశాను. వంజరం చేపకైనా ఇంత చెయ్యను."

గాయత్రి గారు ఉప్పులోకి చెయ్యి పెట్టారు. బయటికి తీసేసరికి అరచేతిలో ఇటుక రంగు ముద్ద ఉంది. పడ్డప్పుడు పిడికిలంత రాయట అది. వేళ్ళు తగిలితే తడి బెల్లం విడిపోయినట్టు విడిపోయింది. ఇనుము ఉన్న రాయి, తడి ఉప్పులో వానాకాలమంతా నానింది. ఆ మాత్రం నాకూ అర్థమైంది.

"తుప్పు కొంచెం పట్టిందండీ. లోపల బాగానే ఉంటుంది," అంది నాంచారమ్మ.

"రాయిని ఎవరైనా ఉప్పులో..." అని నోరు తెరిచాను. గాయత్రి గారు నా చెయ్యి పట్టుకున్నారు. నొప్పి పుట్టేలా పట్టుకున్నారు.

"బాగా దాచారమ్మా," అన్నారు.

"పనికొస్తుందా అండీ?"

"వస్తుంది."

"అయితే ఆ మాట బయటికొచ్చి మావాళ్ళకి చెప్పండి. నేను చెప్తే నమ్మరు."

గట్టు మీద జనం చేరారు. గాయత్రి గారు వాళ్ళ ముందు నిలబడి, ఈ రాయి చాలా విలువైనదని, ఈ అమ్మ వల్లే దక్కిందని, దాని వల్ల ఎవరికీ ఏ కీడూ రాదని చెప్పారు. డేరాలో చెప్పినట్టే నెమ్మదిగా, పూసగుచ్చినట్టు చెప్పారు. నాంచారమ్మ తోడికోడలి వైపు ఒక్క చూపు చూసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

గణపతీ నేనూ జాడీని వ్యానులోకి ఎక్కించాం. అతను వెళ్ళాక గాయత్రి గారు దాని పక్కన కూర్చున్నారు.

"దాని లోపల ఉప్పు ఉండే ఉంటుంది బాలస్వామి గారూ. నేను వెతికేది అదే. కానీ ఏది పైనుంచి వచ్చిందో, ఏది బందరు ఉప్పో ఇక ఎవరూ చెప్పలేరు."

"ఆ ఫోను ఉండుంటే తొలకరిలోనే వచ్చేవాళ్ళం," అన్నాను. నేను పైవాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టి ఏం లాభం.

బండి కదిలే ముందు నాంచారమ్మ కాగితంలో చుట్టిన ఎండు చేపలు పట్టుకొచ్చి కిటికీలోంచి అందించింది. కిటికీ వదల్లేదు.

"మళ్ళీ ఏడు వస్తారుగా పంతులమ్మ గారూ? ఈలోగా ఇంకోటి పడితే ఏం చెయ్యమంటారు?"

గాయత్రి గారు కిటికీ మీదున్న ఆవిడ చేతి మీద చెయ్యి వేశారు. ఏప్రిల్ నుంచి ఆ ఊరికి వచ్చే వ్యాను ఉండదని, రాయి గురించి అడిగే మనిషీ ఉండరని చెప్పే ధైర్యం మా ఇద్దరిలో ఎవరికీ లేదు.

"ఇలాగే దాచండమ్మా," అన్నారు.