వరుస వెనక ఖాళీ

మా అబ్బాయి రామాంజులు పోయింది గురువారం మధ్యాహ్నం, బడిలో నేను భాగహారాలు చెప్తున్న వేళ. మా ఊరి శాఖా గ్రంథాలయానికి వాడు లైబ్రేరియన్. చావిడి పక్కన రాతిగది, గోడ వారగా చెక్క బీరువాలు. ఎవరో ఒక పుస్తకం అడిగారు. అది వెనక్కి జారిపోయిందేమోనని కింది అరలో, పుస్తకాల వరుస వెనకకు చెయ్యి పెట్టాడు. అక్కడ పాము ఉంది.

ఆ ఏడు కూడా వానలు లేవు. చేలలో గింజ దొరకక ఎలుకలు ఇండ్లలోకి వచ్చాయి, పుస్తకాల అట్టలకు పూసిన మైదాపిండి కోసం ఆ గదిలోకీ వచ్చాయి. వాటికోసం పాము వచ్చింది. ఆసుపత్రికి తీసుకుపోతుంటే, బస్సు ఉరవకొండ చేరకముందే వాడి తల నా ఒళ్లో బరువెక్కింది. ఊరివాళ్లు గదంతా వెతికారు. పాము దొరకలేదు.

వాడి ఉద్యోగం కోడలు ఓబులమ్మకు ఇస్తామన్నారు ఆఫీసువాళ్లు. ఆమె పదో తరగతి దాకా చదివింది. షరతు ఒకటే. అనంతపురంలో శిక్షణ పూర్తి చేసి చివరి రోజు పరీక్షలో నెగ్గాలి. లేకపోతే ఉద్యోగం లేదు. నా రిటైర్మెంటు దగ్గరపడింది. మనవరాలికి ఇంకా మాటలు రాలేదు. అది ఏ అరల్లో చెయ్యి పెట్టే ఉద్యోగమో ముగ్గురికీ తెలుసు, నాకూ నా భార్యకూ ఓబులమ్మకూ. అయినా సరేనన్నాం.

సెలవు పెట్టి ఆమెకు తోడు వెళ్లాను. శిక్షణ ఒక పాత హాస్టలు హాల్లో. నేను వరండాలో బెంచీ మీద కూర్చునేవాణ్ని. కిటికీలోంచి అంతా కనిపించేది. మొదట్లో భయమేమీ లేకపోయింది. పుస్తకాలకు నంబర్లు వేయడం, కార్డులు రాయడం. సాయంత్రం మేం దిగిన సత్రంలో ఓబులమ్మ ఆ నంబర్లు నాకు అప్పజెప్పేది, ఒక్కటీ తప్పేది కాదు.

తర్వాత బీరువాలు సర్దడం మొదలైంది. నేర్పేది శ్రీరంగప్ప, పెద్ద లైబ్రేరియన్.

"పుస్తకాల వెన్నులన్నీ అర అంచుకు రావాల. వెనక నాలుగు వేళ్లు పట్టేంత ఖాళీ ఉండాల. గాలి ఆడితే చెదలు పట్టదు. వరుస సర్దినాక వెనక చెయ్యి పెట్టి చూసుకోవాల, పడిపోయినవి ఉంటాయి."

రామాంజులు కూడా ఇదే శిక్షణకు వచ్చి వెళ్లాడు. ఇంట్లో నా పుస్తకాలు కూడా వాడు అట్లాగే అంచుకు లాగి సర్దేవాడు. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు. ఆ మాటలు వింటూ వరండాలో బెంచీ మీంచి లేచి నిలబడ్డాను.

ఓబులమ్మ వంతు వచ్చింది. పుస్తకాలన్నిటినీ గోడకు ఆనేదాకా లోపలికి నెట్టేసింది.

"ఏమమ్మా, చెప్పింది యాడ పోయింది? ఖాళీ లేకుండా కొట్టినావే!" అన్నాడు శ్రీరంగప్ప.

"ఖాళీ వద్దు సార్."

"నువ్వొద్దంటే చెదలు వింటాదా? మళ్లా సర్దు."

మరునాడు ఆమె ఒక కందికట్టె తెచ్చుకుంది. మా వైపు ఎద్దుకు మేత వేసేవాళ్లు ఎండు వేరుశనగ మొక్కలు కుప్పేసిన చెనక్కాయ కట్టె వామిలో చెయ్యి పెట్టబోయే ముందు, పాముంటే కదులుతుందని కర్రతో తడతారు. దొడ్లో ఎవరూ దానికి నవ్వరు. ఆమె ఒక్కొక్క అరనూ అట్లా తట్టి, కాసేపు చెవి పెట్టి విని, ఆపైన కూడా చెయ్యి పెట్టలేకపోయింది.

"ఏమమ్మా, అది బీరువానా, వామినా?" అన్నాడు శ్రీరంగప్ప.

రాయదుర్గం నుంచి వచ్చిన మారెప్ప అందుకున్నాడు. "వాకిలి తడతాండాది సార్. లోపల ఎవరన్నా ఉంటే పలుకుతారని."

హాలంతా నవ్వింది. ఓబులమ్మ తల ఎత్తలేదు.

ఆ సాయంత్రం సత్రంలో అన్నం ముందు పెట్టుకుని అంది, "మామా, అర దగ్గరికి పోతే చెయ్యి నా మాట ఇనడంలేదు."

"ఊరికి పోదామా అమ్మా?"

"పోయి ఏం చేసేది మామా? పాప ఉండాది గదా."

అన్నం ఆమె తినలేదు, నేనూ తినలేదు.

చివరి రోజు ఉదయం మారెప్ప వరండాలోకి వచ్చాడు. నవ్విన మొహం కాదు. "అయ్యా, పాము కరిచి పోయిన లైబ్రేరియన్ ఆయప్ప మీ కొడుకని నాకు తెలీదు, రాత్రే తెలిసింది. నోరు జారినాను," అన్నాడు. తలూపాను. అతనే లోపలికి వెళ్లి శ్రీరంగప్ప చెవిలో చెప్పాడు.

శ్రీరంగప్ప చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. పరీక్షలో ఆమె వంతు రాగానే అన్నాడు, "తట్టుకో తల్లీ. ఎంతసేపైనా తట్టుకో. కానీ చెయ్యి పెట్టకుండా నెగ్గినావని నేను సంతకం చేయలేను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె పై అరలు తట్టి, చెయ్యి పెట్టి తీసింది. ప్రతిసారీ కళ్లు మూసుకుంది. కింది అర దగ్గర నేల మీద కూర్చుంది. తట్టింది. విన్నది. కర్ర పక్కన పెట్టింది. గాజుల్లేని చెయ్యి మోచేతి దాకా పుస్తకాల వెనకకు పోయింది.

లోపల ఏదో ఎండాకులా గరగరమంది.

మారెప్ప వెనక్కి దూకి కుర్చీకి తగులుకున్నాడు. నేను కిటికీ ఊచలు పట్టుకుని లేచాను. ఆమె మాత్రం చెయ్యి వెనక్కి తీయలేదు. మొహమంతా చెమట. మెల్లగా, చీరకొంగు ముళ్లలోంచి లాగినట్టు, చేతిని బయటికి తెచ్చింది. అట్ట చిరిగిన పుస్తకం.

"పడిపోయినాది సార్," అంది.

శ్రీరంగప్ప దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. సంతకం పెట్టాడు.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. కూడేరు దాటాక, "సోమవారం శాఖ తెరుస్తా మామా," అంది. "మొదట ఆ బీరువాలు సర్దాల."

సరే అన్నాను.

పాము దొరకని ఆ గది తాళంచెవి నా దగ్గర ఉంది. వాడు పోయిన నాడు ఊరివాళ్లు నా చేతికి ఇచ్చారు. ఆ సోమవారం పొద్దున్నే ఓబులమ్మ తల దువ్వుకుని వచ్చి చెయ్యి చాపింది. ఆ చెయ్యినే చూస్తూ, రేపు అన్నాను. మరునాడూ అదే అన్నాను. శాఖ ఎందుకు తెరవలేదని ఆఫీసు నుంచి అడిగిపోయారు. ఇట్లాగే ఉంటే ఉద్యోగం పోతుందని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

తాళంచెవి నేను ఆమెకు ఇంకా ఇవ్వలేదు.