పడవ ఏ ఒడ్డున ఉండాలె

నిజాంసాగర్ నిండిన నాలుగో ఏడు అది. కట్ట వెనక ఎగదన్నిన నీళ్లు గడ్డపల్లెను మూడు దిక్కులా కాదు, నాలుగు దిక్కులా చుట్టేశాయి. మిట్టమీద ముప్పై ఇండ్లు మాత్రం మిగిలాయి. ఎండాకాలంలో బురదలో నడిచి బయటపడొచ్చు. వానలు మొదలైతే మళ్లీ మాఘమాసం దాకా పడవే దారి.

సర్కారు ఇచ్చిన పడవ ఒక్కటే. దాన్ని నడిపే మైసన్న ఇల్లు అవతలి ఒడ్డున. పొద్దున ఎండెక్కాక వచ్చేవాడు, సాయంత్రం తన ఒడ్డుకే పోయి పడవ కట్టేసేవాడు. అతను వచ్చేసరికి ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే బస్సు వెళ్లిపోయేది.

కిందటేడు దేవయ్య పెండ్లాం గౌరవ్వ కాన్పు కష్టమైనప్పుడు, ఊరంతా నీళ్ల అంచున నిలబడి కేకలేసింది. గాలి ఎదురుగా ఉండటంతో అవతల ఎవరికీ వినబడలేదు. పడవ వచ్చేసరికి గౌరవ్వ లేదు. కాన్పు చేస్తున్న మంత్రసాని ఈరవ్వ ఆనాటి నుంచి రాత్రిళ్లు సరిగా నిద్రపోలేదు.

ఈ ఏడు చర్మకారుడు యాకూబు భార్య లిదియాకు నెలలు నిండుతున్నాయి. ఈరవ్వ ఒక పొద్దున చీర మార్చుకుని ఎల్లారెడ్డి తహసీలు కచేరీకి పోయింది. తహసీల్దారు ఆమె మాటంతా విని తల అడ్డంగా ఊపాడు.

"రెండో పడవకు మంజూరు లేదమ్మా."

"రెండోది వద్దు దొరా. ఉన్నదాన్నే పొద్దుమూకినంక మా ఒడ్డుకు కట్టమనుండ్రి."

"మరి ఈ ఒడ్డువాళ్లకు?"

"వాళ్లకు బండ్లున్నయి, దవాఖాన ఉన్నది, బస్సున్నది. మాకు ఎటు చూసినా నీళ్లే."

ఆయన గుమాస్తాను పిలిచి హుకుం రాయించాడు.

మైసన్నకు హుకుం అందినా మూడు రోజులు పడవ ఎప్పటిలాగే అవతలికి పోయింది. నాలుగో రోజు ఈరవ్వ అదే పడవెక్కి మైసన్న ఇంటికి వెళ్లింది. అక్కడ అతని తల్లి సాలవ్వ గడప నుంచి పెరటి దాకా కట్టిన తాడు పట్టుకుని నడుస్తోంది. ఆమెకు రెండు కళ్లూ కనబడవు.

"అందుకే రాలేకపోయిన అక్కా," అన్నాడు మైసన్న తల వంచుకుని. "రాత్రిపూట అమ్మనిడిచి ఎట్ల ఉంటా?"

"తోలుకొని రా. నా ఇంట్ల ఉంటది."

సాలవ్వ ఆగింది. "నాకు ఈ ఇల్లు చేతులకు తెలుసు బిడ్డా. ఆడ ఎటు అడుగేస్తే నీళ్లల్ల పడతనో."

"నేనుంటగద అవ్వా. ఇంకో పానం పోతే చూడలేను."

"ఎవరు పోయిండ్రు?"

"గౌరవ్వ. నా చేతులల్లనే."

సాలవ్వ తాడు మీద చెయ్యి అటూ ఇటూ ఆడించింది. చివరికి, "మైసా, ఈ తాడిప్పు. ఆడ కట్టుకుందం," అంది.

మార్గశిరంలో ఒక తెల్లవారుజామున లిదియాకు నొప్పులు మొదలయ్యాయి. ఈరవ్వ కడుపు మీద చెయ్యి పెట్టి చూసింది. బిడ్డ అడ్డంగా ఉంది.

"యాకూబు, నా ఇంట్ల మైసన్న పండుకున్నడు. లేపుకొని రా."

అవతలి ఒడ్డుకు కేకలేసే పని లేకపోయింది. పొగమంచులో నీళ్లు కనబడటం లేదు. మైసన్న నీళ్ల చప్పుడు ఆనవాలు పట్టి గెడ వేస్తున్నాడు, యాకూబు తెడ్డు వేస్తున్నాడు. లిదియా ఈరవ్వ ఒడిలో తల పెట్టుకుని ప్రభువును తలచుకుంటోంది. ఒడ్డు చేరగానే మైసన్న పరుగెత్తి ఎడ్లబండి కట్టించాడు. ఎల్లారెడ్డిలో బస్సు అప్పుడే బయలుదేరబోతోంది. డ్రైవరు లిదియాను చూసి, ముందు సీట్లోని వాళ్లను తానే లేపాడు.

కామారెడ్డి దవాఖానలో డాక్టరమ్మ తలుపు మూసుకుంది. ఈరవ్వ వరండాలో కూర్చుంది. ఎన్నో కాన్పులు చేసింది గాని, తలుపుకు ఇవతల కూర్చోవడం ఇదే మొదలు. యాకూబు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

చాలాసేపటికి లోపల ఏడుపు వినబడింది. డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఆడపిల్ల. తల్లి బాగుంది. బిడ్డను తిప్పగలిగినం. ఇంకొంచెం ఆలస్యమైతే చేసేదేమీ ఉండకపోయేది."

యాకూబు అక్కడే మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఈరవ్వ లోపలికి వెళ్లి లిదియా చెంప నిమిరింది. పిల్ల కాళ్లూ చేతులూ ఒకటికి రెండుసార్లు చూసుకుంది. బయటికి వచ్చి మళ్లీ వరండాలో కూర్చుంది.

"చాయ్ తేవాల్నా అవ్వా?" అన్నాడు యాకూబు.

"తే బిడ్డా. బెల్లం ఎక్కువెయ్యమను."

అతను చాయ్ తెచ్చేసరికి ఆమె వరండా ఎండలో గోడకు తలానించి నిద్రపోయింది. ఏడాదిగా లేని నిద్ర. యాకూబు ఆమెను లేపలేదు. చాయ్ చల్లారిపోతే ఇంకొకటి తెద్దామనుకుని పక్కనే కూర్చున్నాడు.