గోరింటాకు టోపీలు

ఆషాఢంలో స్వరూప గోరింటాకు నూరిందే గాని, మూడేళ్ల కూతురు ధనశ్రీ చెయ్యి చాపనంది. నాన్న పెట్టుకుంటేనే తనూ పెట్టుకుంటుందట. నాచారంలో మిషను మీద లారీల బ్రేకు లైనర్లు అరగదీసి అప్పుడే ఇల్లు చేరిన బాలరాజు, "ఆడోళ్ల సోకు నాకెందుకే?" అంటూనే రెండు చూపుడువేళ్లూ ముందుకు పెట్టాడు. స్వరూప నవ్వుతూ వాటికి ముద్ద టోపీలు తొడిగింది.

తెల్లారి కడిగి చూస్తే ఎర్రబడిన ఆ గోళ్లు వింతగా కనిపించాయి. చదునుగా లేవు. చింతగింజలు అతికించినట్టు నున్నగా ఉబ్బి ఉన్నాయి. వేలికొసలు కూడా బుర్రల్లా తయారయ్యాయి.

"బావా, నీ గోర్లు ఎప్పటిసంది గిట్లయినయ్?"

"పుట్టినప్పటిసంది."

"కాదు. పెండ్లిల నేను సూసిన."

"పెండ్లిల నా మొకం సూడక గోర్లు సూసినవా?"

అత్త రాములమ్మ బియ్యం చెరుగుతూ పకపకా నవ్వింది. "కష్టం జేసే చేతులు గట్లనే మొద్దుబారతయ్ పిల్లా. నీకు పనిలేక!"

స్వరూప ఊరుకోలేకపోయింది. ఎనిమిదో తరగతిలో బడి మాన్పించారు గాని, కనబడ్డదాన్నల్లా తిప్పి తిప్పి చూసే బుద్ధిని ఎవరూ మాన్పించలేకపోయారు. ఉప్పల్ బస్సులో టికెట్టు చించే కండక్టరు గోళ్లు చూసింది. బెండకాయలు తూచే ఆమె గోళ్లు చూసింది. చివరికి కింది వాటాలో ఉండే మొగిలయ్య దగ్గరికి వెళ్లింది. అతనిదీ బాలరాజు పనే, అదే మిషను.

"అన్నా, జర చెయ్యి సూపియ్యవా?"

"ఏంది చెల్లె, జాతకం జెప్తవా?"

అరచెయ్యి చెక్కలా ఉంది. గోళ్లు మాత్రం చదునుగా ఉన్నాయి. అయితే ఇది చేతిపని వల్ల వచ్చింది కాదన్నమాట. 

ఆ ఆదివారం పిల్లకు అన్నం తినిపిస్తూ, ఆటగా దాని చూపుడువేళ్లు రెండూ గోటికి గోరు ఆనించి వెలుగుకు ఎత్తింది. గోళ్ల మొదళ్ల మధ్య నువ్వుగింజంత సందులోంచి వెలుతురు కనిపించింది. "కిటికీ!" అని ధనశ్రీ కేరింత కొట్టింది. స్వరూప వేళ్ల మధ్యా కిటికీ ఉంది. బాలరాజు వేళ్ల మధ్య లేదు.

"నాయిన కిటికీ మూసుకుంది" అంది పిల్ల.

అప్పటినుంచి ఆమె చూపు వేళ్ల మీదినుంచి మనిషి మీదికి మళ్లింది. బాలరాజు రోజూ మూడో అంతస్తులోని ఇంటికి మెట్లెక్కుతూ మధ్యలో ఆగి ఫోను చెవిన పెట్టుకుంటున్నాడు. ఇంత పలుకుబడి ఎప్పుడొచ్చిందీయనకు? ఓ సాయంత్రం పైనుంచి తొంగి చూస్తూ, అత్త ఫోనులోంచి అతనికి కలిపింది. చెవికి ఆనించుకున్న ఫోను ట్రింగుమని మోగేసరికి బాలరాజు ఉలిక్కిపడ్డాడు.

"ఎవరితోటి ముచ్చట బావా?"

అతను రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. "మెట్లెక్కితే దమ్మొస్తంది స్వరూపా. జరసేపు నిలబడితే పోతది. దగ్గు లేదు, జరం లేదు. నువ్వు ఫికర్ జేస్తవని జెప్పలే."

మర్నాడు అతణ్ని ఉప్పల్‌లో డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. "గోర్లు సూపియ్యనీకి తీస్కొచ్చింది సార్" అని బాలరాజు సిగ్గుపడ్డాడు. డాక్టరు నవ్వలేదు. వేళ్లను పక్కనుంచి చూశాడు, తర్వాత గోటికి గోరు ఆనించి వెలుగుకు పట్టాడు. స్వరూప ముందుకు వంగింది. అచ్చం తన ఆటే!

వీపు మీద గొట్టం పెట్టి విన్నాక, చేసే పనేంటో అడిగి ఎక్స్‌రే తీయించాడు. ఊపిరితిత్తుల అడుగున సన్నటి వలలాంటి గీతలు కనిపించాయి.

"ఒక్కోసారి దగ్గు కంటే ముందు గోళ్లు చెప్తాయమ్మా. బ్రేకు లైనర్ల దుమ్ము ఊపిరితిత్తులకు పట్టినట్టుంది. ఛాతీ దవాఖానాలో ఇంకా పరీక్షలు చేయించాలి. వచ్చిన గీతలు పోకపోవచ్చు. ఇంకా పెరగకుండా చూసుకోవాలంటే ఆ మిషను దగ్గరికి మాత్రం పోవద్దు."

"మా కింది వాటా అన్న గోర్లు మంచిగున్నయ్ సార్."

"గోళ్లు బాగుంటే ఊపిరి బాగున్నట్టే అనుకోకు. ఆయన్నీ తీసుకురా."

తిరిగొచ్చాక మొగిలయ్య తలుపు కొట్టి, పొద్దున తయారుగా ఉండమని చెప్పారు. తర్వాత మెట్లెక్కారు. మధ్యలో బాలరాజు ఆగాడు. చెయ్యి అలవాటుగా జేబు మీదికి పోయి, ఫోను తియ్యకుండానే వెనక్కి వచ్చింది. స్వరూప పక్కనే గోడకు ఆనుకుంది.

"నువ్వెందుకు ఆగినవ్?"

"నాకేం తొందర బావా? నిమ్మళంగ పోదాం."