వనజ ఏం తింటుంది?

ఇటిక్యాల మండలం మొత్తంలో నా కడుపంత గట్టి కడుపు ఇంకొకటి లేదు. బీచుపల్లిలో ఒకసారి తేలు పడిన పచ్చిపులుసు చూసుకోకుండా తాగేశాను. నాకేమీ కాలేదు, తేలుకే విరేచనాలు పట్టుకున్నాయి.

అంత గట్టి కడుపూ నిరుడు అలిగి కూర్చుంది. పొద్దున దొడ్లోకి పోయినవాణ్ణి మధ్యాహ్నానికి గానీ బయటికి వచ్చేవాణ్ణి కాదు. నాకూ నా కొడుకు నాగేశ్‌కూ షుగర్ కూడా తేలింది. తెల్లన్నం తగ్గించి జొన్నరొట్టె, ఆకుకూర, పప్పుగింజలు తినమంది డాక్టరమ్మ.

"పేగుల్ల మంచి సూక్ష్మజీవులుంటయి పెద్దాయనా. పీచే వాటికి తిండి. అవి బాగుంటే కడుపు కదుల్తది, షుగర్ గూడ జర అదుపుల ఉంటది."

"అంటే నా కడుపుల కిరాయిదార్లున్నరన్నట్టు!" అన్నాను.

ఆ కిరాయిదార్లకు వండిపెట్టే పని కోడలు వనజ మీద పడింది. జొన్నరొట్టె చల్లారితే గట్టిపడుతుంది. అందుకే మా ఇళ్లలో తినేవాళ్లు వరసగా కూర్చుంటే, చేసే మనిషి పెనం మీంచి ఒక్కొక్కటే వేడిగా పళ్లాల్లో వేస్తుంది. అందరి కడుపులూ నిండేసరికి పిండి అయిపోతుంది, తోటకూర గిన్నె అడుగు కనిపిస్తుంది. పిల్లల కోసం వండిన తెల్లన్నం మిగులుతుంది. "పారేస్తమా ఏంది? నువ్వు తినెయ్" అనేది నా భార్య నర్సమ్మ.

మొన్న మళ్లీ దవాఖానకు పోయాం. కాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయంటే వనజకూ పరీక్ష చేశారు. నాకూ నాగేశ్‌కూ షుగర్ తగ్గింది. ఆమెకు మా ఇద్దరికంటే ఎక్కువుంది.

"గిట్లనే ఉంటే ఇన్సులిన్ సూది మొదలుపెట్టాల్సి వస్తది. ఏం తింటదీమె?" అడిగింది డాక్టరమ్మ.

"ఇంట్ల అందరం రొట్టెలే మేడం" అన్నాడు నాగేశ్.

"ఆమె తింటుంటే నువ్వు చూసినవా?"

వాడు నా వైపు చూశాడు. నేను కళ్లద్దాల కోసం జేబులు తడుముకున్నాను, అవి ముక్కు మీదే ఉన్నాయి.

అప్పుడు వనజ మనసులో ఏం నడిచిందో, లోపలికి పోయి చూసొచ్చినట్టే చెప్తాను. చెప్పకపోతే సూది. చెబితే, పరువు తీసినవని ఇంటికి పోయేదాకా సతాయింపు. మొన్న ఒక్క రొట్టె మిగుల్చుకుంటే, 'నీకేం రోగమొచ్చింది, అన్నం తినరాదా?' అంది అత్త. రొట్టె తినాలంటే రోగం రావాలా? ఇదిగో, వచ్చింది. వీళ్ల పేగుల్లో కంటికి కనపడని వాటికి కూడా వేళకు పెడుతున్నానే, నా పేగుల్లో ఉన్నవి ఎన్నాళ్లుగా పస్తులున్నాయో? ఏం తిన్నావని వీళ్లు అడగలేదు సరే, నన్ను నేనైనా అడిగానా?

"మిగిలిందే తింట మేడం" అంది వనజ. "అన్నమే మిగుల్తది."

ఆటోలో నాగేశ్ పళ్లు కొరికాడు. "అందరి ముంగట గట్ల చెప్పాల్నా?"

వనజ కంది చేలు చూస్తూ కూర్చుంది.

సాయంత్రం ఎప్పటిలాగే వరసగా కూర్చున్నాం. మొదటి రొట్టె కాలింది. నాగేశ్ పళ్లెం ముందుకు జరిపాడు. వనజ ఆ రొట్టెను తన పళ్లెంలో వేసుకుంది. పప్పు వేసుకుంది, కూర నిండుగా వేసుకుంది. స్టవ్ ఆపి, గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఏందే ఇది? మొగోళ్లు కూసున్నరు గదా!" అంది నర్సమ్మ.

"కూసోనీ అత్తా. నేను తిన్నంక చేస్త. ఆగలేకుంటే పిండి ఆడుంది, పెనం ఆడుంది."

నాగేశ్ పళ్లెం నేలకేసి కొట్టాడు. అది గిరగిరా తిరిగి ఆగింది. వనజ ముక్క తుంచింది. నోట్లో పెట్టుకుని నమిలింది.

నేను లేచాను. "నువ్వు తిను బిడ్డా. ఈ పూట రొట్టెలు నేను చేస్త" అని పెనం ముందు కూర్చున్నాను.

ఇందులో నేను లేచానన్నది కల్పన. ఎవరం లేవలేదు. వనజే తిని లేచి, స్టవ్ వెలిగించి, రెండో రొట్టె కాల్చింది. అదీ తన పళ్లెంలోనే వేసుకుంది.