పీట మీద ఆఫ్రికాన్స్ పుస్తకం

నేను ఒక వ్యాకరణ పుస్తకాన్ని. ఇంగ్లీషు వచ్చినవాళ్ళకు ఆఫ్రికాన్స్ నేర్పడానికి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో అచ్చయ్యాను. నన్ను రాసిన మాస్టారి దృష్టిలో ఆ దేశంలో ఉన్నది రెండే రకాల మనుషులు: ఇంట్లో ఆఫ్రికాన్స్ మాట్లాడేవాళ్ళు, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు. తెలుగు మాట్లాడే ఇంట్లో ఎవరైనా నన్ను విప్పుతారని ఆయన అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

నాలో ఉన్నది పెద్ద విద్యేమీ కాదు. వాక్యంలో ఏ మాట ఎక్కడ కూర్చోవాలో చెబుతాను. ఆ భాషలో నేను, నువ్వు, వాళ్ళు అని మనిషి మారినా క్రియ రూపం మారదు. అది చూసి ఇంగ్లీషువాళ్ళు సంతోషిస్తారు. తర్వాత 'ఎక్ హెట్ దీ బుక్ ఖెలీస్' అనే వాక్యం వస్తుంది. నేను పుస్తకం చదివాను అని దాని అర్థం. అందులో చదవడమన్న మాట అందరినీ ముందు కూర్చోబెట్టి తను చివరికి పోతుంది. అక్కడ వాళ్ళ సంతోషం తగ్గుతుంది.

నన్ను మొదట కొన్నది నాటాల్‌లో ఒక చక్కెర మిల్లు గుమాస్తా. సరిగ్గా ఆ పేజీ దగ్గర నన్ను మూసి, బల్లకు ఒక కాలు పొట్టిదైతే దాని కింద పెట్టాడు. బల్ల కదలడం మానింది. చాలాకాలం అదే నా ఉద్యోగం. బదిలీ అయినప్పుడు అతను బల్ల పట్టుకెళ్ళాడు, నన్ను నేల మీద వదిలేశాడు.

ఆ గది ఖాళీ చేయడానికి వచ్చిన మిల్లు కూలీ అప్పలసామి కాలికి తగిలాను. అతను చటుక్కున వంగి నన్ను తాకి, వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. అంతకుముందు ఎవరూ నాకు అలా చేయలేదు. నాకేమీ అనిపించలేదు. బల్ల బరువు ఇంకా నా మీదే ఉన్నట్టుంది. నన్ను చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

అప్పలసామి తాత విశాఖ వైపు నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కి వచ్చినవాడు. మిల్లు వెనకాల రేకుల ఇంట్లో అప్పలసామి, అతని తల్లి నూకమ్మ, కూతురు పైడితల్లి ఉండేవారు. పైడికి టీచరు కావాలని ఉంది. ట్రైనింగులో చేరాలంటే ఆఫ్రికాన్స్ పరీక్ష పాసవ్వాలి. లేకపోతే డర్బన్‌లో చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ. అక్కడ ఆ పిల్లకు చోటు అప్పటికే అడిగి ఉంచారు.

పైడి వరండాలో కూర్చుని గట్టిగా చదివేది. నూకమ్మ బియ్యం ఏరుతూ వినేది.

"ఏటే అది, గొంతులో ముల్లు దిగినట్టు?"

"పరీక్ష భాష మామ్మా."

"నేర్చుకోయే. మిషను మీద నీ నడుం వొంగిపోడం నాకిష్టం నేదు."

పైడి ఒక్క పాఠం మిగుల్చుకుంది. రెండు వాక్యాలు కలిపినప్పుడు క్రియ ఎక్కడికి పోవాలో చెప్పే పాఠం. అన్నిటికన్నా కష్టం కనక పరీక్ష ముందురోజు చదివితే మరిచిపోనని అనుకుంది. పరీక్ష దసరా నాడు పడింది. పరీక్షలు పెట్టేవాళ్ళ క్యాలెండరులో దసరా లేదు.

ముందురోజు పొద్దున పైడి నీళ్ళు పట్టుకొచ్చేసరికి నూకమ్మ పీట వేసి, ఇంట్లో పుస్తకాలన్నీ పేర్చి, అన్నిటి పైన నన్ను పెట్టింది. పసుపు రాసి, కుంకం పెట్టి, బంతిపువ్వు ఉంచింది.

"మామ్మా, అది నాకు కావాలి. రేపే పరీక్ష."

"అందుకే కదే పైనెట్టాను. సరస్వతి పూజలో ఎట్టిన పుస్తకం ముట్టకూడదు. రేపు పూజయ్యాక తీద్దువు గాని."

"అప్పటికి నేను బస్సెక్కిపోవాల."

"ఆ తల్లే రాయిస్తాది."

పైడి తండ్రి వైపు చూసింది. అప్పలసామి చెప్పులు వేసుకుంటూ, "ఒక్కరోజుకి ఏటైపోద్దమ్మా," అన్నాడు. ఏమైపోతుందో అతనికి నిజంగానే తెలియదు.

ఆ రోజంతా పైడి నాకెదురుగా కూర్చుంది. చెయ్యి చాపితే అందుతాను. చాపలేదు. అగరొత్తి బూడిద నా అట్ట మీద రాలుతుంటే చూస్తూ ఉండిపోయింది. అంత గౌరవం నాకెన్నడూ దక్కలేదు. బల్ల కింద కూడా అంత గట్టిగా మూసి లేను.

ఫలితాలు వచ్చిన రోజు పైడి నన్ను తీసి ఆ చివరి పాఠం చదివింది. వాక్యాలు కలిస్తే క్రియ చివరికి పోతుందట, నూకమ్మ తెలుగు మాటల్లో పోయినట్టే. "ఇంతేనా," అంది మెల్లగా. నూకమ్మ ఎవరిదో దిష్టి తగిలిందంది. ఆ సోమవారం పైడి ఫ్యాక్టరీకి వెళ్ళింది.

తర్వాత ప్రతి దసరాకూ నన్ను పీట మీద పెట్టారు. నూకమ్మ పోయింది, అప్పలసామి పోయాడు. పైడికి పెళ్ళయింది, నడుం వంగింది. పసుపునీళ్ళకు నా పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి.

ఈ దసరాకు పైడి కూతురు నీలవేణికి కెమిస్ట్రీ పరీక్ష వచ్చింది. పైడి పీట కడుగుతుంటే ఆ పిల్ల పుస్తకం గుండెకు హత్తుకుని గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, ఇది పెట్టను."

"నిన్నెవరు పెట్టమన్నారే?" పైడి అలమారలోంచి నన్ను తీసి ఒక్కదాన్నే పీట మీద పెట్టింది. "మనింట్లో పూజకి ఇదుంది. నువ్వెళ్ళి చదువుకో."

"అసలు నువ్వు దాన్ని చదివావా?"

"చదివాను. పరీక్షయ్యాక."

నీలవేణి పక్కగదిలోకి వెళ్ళింది. కాసేపటికి అక్కడ పేజీలు తిరుగుతున్న చప్పుడు మొదలైంది. పైడి తలుపు దగ్గరకు వేసి వచ్చి, నాకు పసుపు రాసి, గంట కొట్టకుండా హారతి ఇచ్చింది.